సున్నం లెక్క

మద్దిలేటి పడిపోయినప్పుడు
రంపం తిరుగుతానే ఉండింది,
పైపు రాయి మీద నీళ్లు పోస్తానే ఉండింది.
మేం ముందు కరెంటు ఆపినాం,
ఆ తర్వాత వాన్ని లేపినాం.
ఆ వరస ఇప్పటికీ రాత్రిళ్లు నన్ను లేపుతాది.

నెల ముందునుంచీ ఎడం రెక్క పీకుతాందనేటోడు.
బండలు మోసే రెక్క పీక్కుండా ఉంటాదా అని
నొప్పుల మందు పూసింది నేనే.

అందుకే పొయ్యినా కడపకు,
పరగడుపున, టీ చుక్క తాక్కుండా,
కమలాపురం కాడ పాపాఘ్ని ఇసక తెల్లారుతాంటే.

మూడు సీసాల నెత్తురు తీసుకున్న్యాడు పిల్లోడు.
మంచి కొవ్వు, చెడ్డ కొవ్వు అని రెండుంటాయంట.
మా ఎర్రగుంట్ల మనుషుల మాదిరే,
కాగితం చూస్తేగానీ ఎవరేదో తెలీదు.

రొమ్ము మీద వెంట్రుకలు గొరిగి
పది చోట్ల బిళ్లలంటించి
రబ్బరు పట్టా ఎక్కించినారు.
ఎంత నడిచినా ఊరు రాదు.
"ఇంగా పోదామా పెద్దాయనా?"
"యాడికమ్మా?" అన్న్యా.
ఆ పాప నవ్వి, వాలు పెంచింది.
నిడుజివ్వి గనిలో ఇంతకంటే నిట్రంగా ఎక్కినోన్ని,
నెత్తిన తట్టతో.
తొమ్మిదో నిమిషంలో ఆపమన్న్యారు.
ఆయాసం నాకు కాదంట, తెర మీది గీతకంట.

ఆఖరికి గుండ్రాటి మిషన్లోకి తోసినారు.
"ఊపిరి బిగబట్టండి."
గనిలో మందు పేలే ముందు
మేం చేసేదీ అదే.

డాక్టరు షంషాద్ బేగమమ్మ తెర తిప్పి చూపించింది.
నల్లటి గుండెలో తెల్లటి చుక్కలు,
చేతి సందుల్లోంచి జారిన జొన్నల్లాగా.
"ఇది సున్నం. నాళాల గోడలకు పట్టింది.
లెక్క నూట నలభై మూడు."

నాకు నవ్వొచ్చింది.
ముప్పై ఒక్క యేండ్లు సున్నపురాయి కోసినా.
మా చెంబు అడుగున సున్నం,
ఆరేసిన పంచెకు సున్నం,
మా ఇంటిదాని కనురెప్పల మీద సున్నం.
"గుండెలోకి ఏ దోవన వచ్చిందమ్మా?"
"ఆ సున్నం వేరు," అన్నది ఓర్పుగా,
"ఇది బీడీది, ఉప్పుది, వయసుది, మీ నాయనది."
మా నాయనది అనంగానే ఊరుకున్న్యా.
ఆయప్ప కల్లంలో కూర్చోని
చెప్పు విప్పుకుంటా విప్పుకుంటా పొయ్యినాడు.
రెండో చెప్పు మేం విప్పినాం.

"మీలాంటోళ్లు నూరుమంది ఉంటే
పదేండ్లలో పద్దెనిమిది మందికి రావచ్చు."
"నేను ఆ పద్దెనిమిదిలోనా, తక్కినోళ్లలోనా?"
"అది ఏ పరీక్షా చెప్పదు."

నిజమే.
లారీకి నూరు బండలెత్తితే
బెంగుళూరు చేరేలోపల ఎన్ని పగుల్తాయో సేటుకు తెలుసు.
ఏవి పగుల్తాయో
ఆయన పెట్టుకున్న దేవునికీ తెలీదు.

బండను మేమెట్ల చూస్తామో ఆయమ్మకు చెప్పినా.
ముందు వేలి గణుపుతో కొడతాం.
గల్లుమంటే మంచిది, బొద్దుమంటే లోపల చీలిక.
అయినా నమ్మం. నీళ్లు పోస్తాం.
ఎండకు పైనంతా ఆరిపోతాది,
చీలిక ఉన్నకాడ మాత్రం తడి నిలుస్తాది
నల్లటి వెంట్రుక మాదిరి.

ఆయమ్మ కలం ఆపింది.
"మేమూ అదే చేస్తాం, నీళ్ల బదులు రంగు మందుతో.
మీకింకా ఆ అవసరం రాలేదు."
ఆ 'ఇంకా'ను మడిచి
మాత్రల చీటీతో పాటు జోబులో పెట్టుకున్న్యా.

పొద్దుగూకి ఫ్యాక్టరీకొస్తే
మద్దిలేటి రంపం కాడ వాని కొడుకు నిలబడుండాడు,
చెవి మీద బీడీ, ముంగురుల్లో తెల్లటి దుమ్ము.
"ఏమన్న్యారు చిన్నాయనా?"
"రాయి మంచిదేనంట. గీతొకటి ఉండాదంట."

వాని చెవి మీది బీడీ తీసి నలిపేసినా.
రెక్క పీకుతాందా అని అడగబోయి, నోరు రాక,
"శనివారం నాతో కడపకు రా,
ఏం తినొద్దు" అన్న్యా.

అప్పుడే కోసిన బండ మీద నీళ్లు ఆరతాండాయి.
ఇద్దరం నిలబడి
చూస్తాండాం.