ఐదు రోజుల వెలుతురు

పదహారేళ్లుగా స్తంభాలెక్కి
కంచరపాలేనికి కరెంటిచ్చినవాణ్ణి.
ఇవాళ పూర్ణా మార్కెట్‌లో ఒక ఇరుకు కొట్టు ముందు
వెలుతురు బేరమాడుతున్నాను.
స్తంభం లేదు, తీగ లేదు,
చొక్కా జేబులో పట్టాలి.

అనంతగిరి దాటాక రోడ్డు వదిలేసి
ఐదు రోజుల నడక.
లీవు చీటీలో కారణం దగ్గర
"అడవి" అని రాశాను.
ఏఈ గారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

ఇరవై వేల ఎంఏహెచ్ అని డబ్బా మీద పెద్దక్షరాలు.
అంకెల్ని నమ్మను, మీటర్లు తిరగడం చూసినవాణ్ణి.
"ఫోను నాలుగుసార్లు నిండుతాది అన్నా" అంటాడు కొట్టు కుర్రాడు.
చలిలో?
చలికి బ్యాటరీ ముడుచుకుపోతుంది,
రాత్రి దాన్ని దుప్పట్లోకి లాక్కుని
పసిపిల్లలా కడుపు దగ్గర పెట్టుకోవాలి.
ఆ మాటంటే నవ్వాడు.
వాడు డిసెంబరులో కొండ మీద పడుకోలేదు.

అగ్గిపెట్టె సంగతి వేరే.
ఈ ఊళ్లో సముద్రం ముందు అగ్గిపెట్టెలోకే వస్తుంది.
గీస్తే తల రాలిపోతుంది, పుల్ల చేతిలో మిగులుతుంది.
అందుకే కొవ్వొత్తి కరిగించి ఒక్కో తలా ముంచాను,
ఖాళీ మాత్రల సీసాల్లో వేసి
మూడు చోట్ల దాచాను.

తడిసినా నిప్పు రాలుస్తుందంటే
గీసే కడ్డీ కూడా ఒకటి కొన్నాను.
మేడ మీద సాధన.
ముప్పైఎనిమిది గీతలు.
రవ్వలు బోలెడు, మంట లేదు.
యారాడ వైపు నుంచి గాలి.
పిట్టగోడ అవతల్నుంచి ఎల్లాజీ,
"ఏటి మావా, వెల్డింగా?"
కొబ్బరి పీచు ఊరుకుంది,
పాత లుంగీ పీలికలూ ఊరుకున్నాయి.
అప్పుడు రోహిణి దేవుడి గూట్లోంచి
కర్పూరం బిళ్లలు తెచ్చి పెట్టింది.
ఒక్క గీత.
"రేపు ఆయనకి ఉత్తి దణ్ణమే" అంది.

రాత్రి సంచి సర్దుతుంటే కరెంటు పోయింది.
సందులోంచి నాలుగు గొంతులు నా పేరు మీదే:
"బంగార్రాజూ, ఎప్పుడొస్తాది?"
లీవులో ఉన్నానంటే ఎవడు వింటాడు.

లైటు వెయ్యలేదు. ఇదే పరీక్షనుకున్నాను.
కర్పూరం వాసనకి దొరికింది,
పవర్ బ్యాంకు బరువుకి,
కడ్డీ గరుకుకి.
అగ్గిపుల్లలు రెండు చోట్ల దొరికాయి,
మూడో చోటు ఎక్కడో నాకే గుర్తులేదు.
తలకి కట్టుకునే లైటు మాత్రం
ఎంత తడిమినా లేదు.

వంటింట్లో తెల్లటి వెలుగు
గోడల మీద అటూ ఇటూ తిరుగుతోంది.
రోహిణి నుదుటి మీద నా ఐదు రోజులు,
కింద పెనం మీద వంజరం ముక్కలు.

"ఎర్ర లైటు నొక్కు, బ్యాటరీ తక్కువ తింటాది."
"ఎరుపులో చేప వేగిందో మాడిందో ఎలా తెలుస్తాది?"

నిజమే.
కంచం పట్టుకుని
ఆ వెలుతురు అంచున కూచున్నాను.
రేపు మళ్లీ పూర్ణా మార్కెట్.