ముక్కుపచ్చ

జూలైలో మొచూడి చలి పొడి చలి.
కలహారి వైపు నుంచి దిగే గాలి
కట్టెపొయ్యి పొగనీ మేకల దొడ్డి ధూళినీ
ఒకే గుక్కలో పిల్లల ముక్కుల్లోకి దించేస్తుంది.

క్లినిక్ బెంచీ మీద అమ్మమ్మ,
ఆమె వీపున దుప్పటి మూటలో ఒనాలెన్నా.
నాలుగు నెలలవాడు.
వాళ్ళ సెత్స్వానాలో ఆ పేరుకి "నాతో ఉన్నాడు" అని అర్థం.
ఎవరు ఉన్నారంటే
దేవుడనే చెబుతారు అందరూ.

నర్సు కెలెబొగిలే దూదిపుల్ల తీసింది,
అగ్గిపుల్ల కన్నా సన్నం.
చిన్న ముక్కులో గుండ్రంగా ఒక్క తిప్పు.
వెనకున్న కొండ ఉలిక్కిపడేలా ఏడ్చాడు వాడు.
పుల్ల చివర తడి కూడా సరిగ్గా అంటలేదు.
అందులోనే ఉంది ఊరంతా.

"ముక్కు కారుతోంది, మందియ్యి.
పోయినేడు వీడి అన్నకిచ్చారుగా, గులాబీ రంగు సీసా."
"ఇవాళ మందు లేదు."
"అయిపోయిందా?"
"ఉంది. ఇవ్వను."

అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది.

కెలెబొగిలే పుల్లని గొట్టంలో వేసి మూత బిగించి
పక్కన కూర్చుంది. వెనక వరుస చాలా పొడుగ్గా ఉంది,
అయినా కూర్చుంది.
"మీ వాకిట్లో మొరుల చెట్టు కింద
రోజంతా మొరబరబ ఆడే ముసలాళ్ళు లేరూ?
వాళ్ళేమైనా కాపలా కాస్తారా?
కళ్ళన్నీ గవ్వల మీదే, నోరంతా తిట్లే.
కానీ బెంచీ ఎప్పుడూ ఖాళీ ఉండదు.
ఊరుకాని ఊరివాడొస్తే కూర్చునే చోటేదీ?
ఇంకోటి, వాళ్ళ దగ్గులూ గొడవలూ వింటూ
మీ ఇంట్లోవాళ్ళు ఒక కన్ను తెరిచే నిద్రపోతారు.
నిజంగా దొంగ వచ్చిన రాత్రి
లేవడానికి వాళ్ళకి ఆలస్యం కాదు.
ఆ గులాబీ నీళ్ళున్నాయే,
దొంగనీ ముసలాళ్ళనీ ఒకే చీపురుతో ఊడుస్తాయి.
డొక్కలు ఎగరేస్తే మాత్రం, పాలు మానేస్తే మాత్రం,
అర్ధరాత్రయినా తలుపు కొట్టు.
అప్పుడు నేనే తాగిస్తా."

అమ్మమ్మ నమ్మిందో లేదో.
"మా వాకిట్లో వాళ్ళు ఉత్త పనిలేనివాళ్ళు," అని మాత్రం అంది.

మన తెలుగులో ఇంత పసివాణ్ణి
ముక్కుపచ్చలారని బిడ్డ అంటాం.
నేనా మాట వాడింది ఎప్పుడూ
పేపర్లో చిన్న శవం ఫొటో చూసినప్పుడే.
పచ్చ అంటే చేను కూడా అవుతుందనీ
ఆరకుండా ఉండడమే దాని పంటనీ
ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తట్టలేదు.

ఆగస్టు గాలి ఊరికే పోలేదు.
వీధి చివరి ఇంట్లో బిడ్డని గాబరోన్ ఆసుపత్రికి మోసుకెళ్ళారు,
ముక్కుకి గొట్టాలు పెట్టారు.
ఒనాలెన్నా మూడు రాత్రులు దగ్గాడు.
అమ్మమ్మ వాడి డొక్కల మీద చెయ్యేసి కూర్చుంది,
లెక్కపెడుతూ, ఎవరినో తిట్టుకుంటూ.
నాలుగో పొద్దున పాల కోసం ఏడ్చాడు, గట్టిగా.
ముక్కులోని ఊరు కాపాడిందా?
గాలి దయతలిచిందా? అమ్మమ్మ చెయ్యా?
కెలెబొగిలేని అడిగితే చెప్పదు.
ఒక్క బిడ్డతో ఏదీ తేలదంటుంది.
పట్టికలో ఓ గడి నింపుతుంది,
పక్క గడి ఖాళీగా వదిలేస్తుంది,
వీధి చివరి ఇంటిది.

శుక్రవారం బస్సులో ఒళ్ళో మంచుపెట్టె.
మూడొందల ముక్కుల తడి, రాజధాని లాబ్‌కి.
పక్క సీటాయన మోచేత్తో పొడిచాడు:
"ఏంటమ్మా లోపల, మాంసమా?"
"కాదు. ఇరుగుపొరుగు."
ఆయనకేం అర్థమైందో
కాస్త జరిగి, పెట్టెకి చోటిచ్చాడు.