తప్పులు

రాత్రి ఎనిమిది దాటితే మా ఆవిడకి
పన్నెండేళ్లు.

మిగతా పొద్దంతా యాభై మూడు.
మోకాళ్లకి మందు, ముక్కు చివరికి జారే కళ్లద్దాలు,
ఎస్టోనియాలో, పర్ను ఊరి పోలీసు ఠాణాలో
ఇరవై ఆరేళ్ల సర్వీసు.
పేరు ఎవేలీ. రాత్రి పేరు కెర్తు.

కెర్తుకి గుర్రాలంటే ప్రాణం, లెక్కలంటే ఏడుపు.
కెర్తు దగ్గరో హామ్‌స్టర్ ఉంది, దాని పేరు బఠాణీ.
కెర్తు దీర్ఘాలు ఎగరగొడుతుంది,
వాక్యం చివర చుక్క పెట్టాలని దానికెవరూ చెప్పలేదు.
అదే మా ఆవిడకి కష్టమైంది.
వీధిలో వాళ్ల దరఖాస్తులన్నీ దిద్దిపెట్టే మనిషి,
తప్పులు రాయడం నేర్చుకోవడానికి
పై అంతస్తు లేలో పాత నోటుబుక్కు అడిగి తెచ్చుకుంది.
వంటింట్లో హీటరుకి వీపు ఆనించి
ఒక్కో తప్పూ సాధన చేసింది.

అవతలివాడికి పదిహేనేళ్లట.
పదిహేనేళ్లవాడు అంత ఓపిగ్గా వింటాడా?
ఆ వయసులో మావాడు "ఊ" అనడానికే డబ్బులడిగేవాడు.
వీడు గుర్రాల గురించి అడిగాడు.
బఠాణీ ఏం తింటుందో అడిగాడు.
మూడోవారం, అమ్మ ఎన్నింటికొస్తుందని.
నాలుగోవారం, నీ గదికి గడియ ఉందా అని.
ఆ తర్వాత రాశాడు: ఇది మనిద్దరి గుట్టు.

మేం పెరిగింది గుట్టు కాపాడితేనే బతికే రోజుల్లో.
నోరు మూసుకోవడమే మాకు మా అమ్మలు నేర్పిన మర్యాద.
ఆ మాట చదివి ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది,
రెండుసార్లు.

నేను నాలుగో నంబరు బస్సు నడుపుతాను.
ఆ నెలంతా ఎక్కిన ప్రతి మగాడి బొటనవేళ్లూ చూశాను.
చేపల పొలుసు అంటిన వేళ్లు, పెళ్లి ఉంగరం పక్క వేళ్లు,
పసిదాని టోపీ ముడి సరిచేసే వేళ్లు.
ఏ వేలు ఏం రాస్తుందో
ఏ వేలి మీదా రాసి ఉండదు.

ఫిబ్రవరి, గురువారం. రోడ్డు మీద మంచు గాజులా బిగిసింది.
ఒకాయన ఎక్కాడు. నలభై ఉంటాయి. శుభ్రమైన కోటు.
చిల్లర లెక్కపెట్టి సరిగ్గా ఇచ్చాడు.
చేతిసంచిలోంచి బొమ్మగుర్రం చెవి ఒకటి తొంగిచూస్తోంది.
కూతురికి కాబోలు అనుకున్నాను.
గ్రంథాలయం స్టాపులో దిగుతుంటే
"జాగ్రత్తండీ, జారుతుంది" అన్నాను.
వెనక్కి తిరిగి మరీ థాంక్స్ చెప్పాడు.

కెర్తు వస్తానన్న చోటు గ్రంథాలయమని
నాకు రాత్రికి గాని తెలీలేదు.
ఆ "జాగ్రత్త" ఇంకా నా నాలుక మీదే ఉంది.
ఎవరికి చెప్పాల్సింది ఎవరికి చెప్పాను!

ఆవిడ పదకొండింటికి వచ్చింది. బూట్లు విప్పలేదు.
దొరికాడు, అంది. అంతే.
ఏం మాట్లాడాలో తోచక నేనే
మరి బఠాణీ సంగతేమిటి అన్నాను.
నవ్వింది. సగంలో ఆ నవ్వు ఆగిపోయింది.
వాడి ఫోనులో ఇంకో ఏడు పేర్లున్నాయట.
ఏడుగురూ నిజం పిల్లలు.
తప్పులు వాళ్లకెవరూ నేర్పక్కర్లేదు,
వాళ్ల దీర్ఘాలు వాటంతటవే పోతాయి.

రేపు ఏడు తలుపులు తట్టాలి.
తెల్లవారుజామున మెలకువొచ్చి చూస్తే
స్నానాలగది అద్దం ముందు నిలబడి ఉంది,
నా పాత స్వెటరులో, చెప్పుల్లేకుండా.
గొంతు తగ్గించి ఒకసారి, నెమ్మదిగా ఒకసారి,
ఒక్క అక్షరం జారిపోకుండా:
నీ తప్పేమీ లేదు.
నీ తప్పు లేదమ్మా.
తప్పు నీది కాదు.

ఏది బాగుంది, అని అద్దంలోంచే అడిగింది.
మూడోది, అన్నాను.
మళ్లీ అను, అంది.
అన్నాను.