నాలుగో రౌండు

యాకయ్య షెడ్డు గేటు దాటితే చాలు
నా బండికి ఏ రోగముండదు.
ఎంజీఎం వార్డుల ఇరవై ఏండ్ల సంది చూస్తున్న గదా,
రాత్రంతా మూలిగి
డాక్టరు రౌండ్సుకొచ్చే యాళ్లకు
లేచి ఇడ్లీ అడిగే పేషెంట్లను.

ఎడమ మోకాలు క్లచ్ తొక్కనియ్యదని
మూడో చేతిమీదుగా కొన్న పాత ఆటోమేటిక్.
పొద్దున గేర్లు మారుతున్నట్టే తెల్వది.
మిట్టమధ్యాహ్నం కాజీపేట బ్రిడ్జి మీద
ఇంజను అరుస్తది, చక్రం వినదు.

ఆయిలు వేలికంటించుకొని వాసన చూసిండు.
"మాడలే మేడం. గేర్‌బాక్స్ ఇప్పుడే దించొద్దు.
జ్వరమున్నప్పుడే నాడి వట్టాలె."

మే నెల. ఏసీ బంద్.
హంటర్ రోడ్డు, మడికొండ, మళ్ల ఎనక్కి.
చెమటల నానుకుంట ఇద్దరం.
నాలుగో రౌండుల బ్రిడ్జి ఎక్కుతుంటే
జారింది.
"అచ్చింది! అచ్చింది!" యాకయ్య సీట్లనే ఎగిరిండు,
నేను చప్పట్లు కొట్టిన.
ఎనక ఇసుక లారీ తిట్టుకుంట హారన్ కొట్టవట్టె.

ఎలుక కొరికిన ఒక్క వైరు.
చల్లగుంటే అంటుకుంటది, కాలితే ఎడమైతది.
కొత్త వైరు, రెండు నిమ్మసోడాలు: మూడొందల నలభై.

ఇయ్యాల నైట్ డ్యూటీ.
పదకొండో బెడ్డు ముసలాయనకు రిపోర్టులన్నీ నార్మలే.
ఆయన పక్కన స్టూలేసుకొని కూచున్న,
మూలుగు ఎన్నింటికి మొదలైతదో చూద్దామని.