నలభై మూడో పేజీ

జాలారిపేట మున్సిపల్ స్కూలుకి
ఢిల్లీ నుంచి కాయితం, విజయవాడ మీదుగా:
నలభై మూడో పేజీ, రెండో పేరా మీద
జతపరచిన చీటీ అతికించవలెను.

మైదా ఉడికించి తెచ్చింది ఆయా నూకరత్నం.
తొమ్మిదో తరగతి వేళ్లన్నీ జిగురు.
చీటీ కింద కళింగం ఓడిపోయింది,
చీటీ పైన దేశం ఏకమయింది.

గనగళ్ల ధనేశ్వరి లేచి నిలబడింది.
“ఇందల మనమెవులం సారూ?
ఒచ్చినోలమా,
సచ్చినోలమా?”

ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను చరిత్ర.
‘మనం’ అన్నప్పుడల్లా నా బెత్తం కొస
మ్యాపు మీద గంగ ఒడ్డుకే పోతుంది.
ఎముకలేమో ఈ ఇసక కిందెక్కడో.

పరీక్షలో ఏది రాస్తే మార్కులొస్తాయో అదే చెప్పాను.
రాసుకుంది. కూర్చోలేదు చాలాసేపు.

జూన్ నెల, కిటికీకి అద్దం లేదు,
ఉప్పుగాలికి మైదా ఎన్నాళ్లాగుతుంది?
శనివారానికి అంచులు లేచాయి.
వెనక బెంచీల్లో గోళ్ల చప్పుడు,
పుండు మీద పక్కు గీరుతున్నట్టు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజది.
నేను తలెత్తలేదు.
హాజరు పట్టీ తెరిచి పిలుస్తున్నాను
ఒక్కొక్కరినీ,
ఇంటిపేర్లతో సహా, నిదానంగా.