తాలుకాయకు ఇంగ్లీషు

నర్సంపేట దాటినంక మూడో స్టేజీకాడ
బస్సు నన్ను దించి పోతది.
అక్కణ్నుంచి పత్తి చేలు, తర్వాత మిరప చేలు,
తర్వాత తండా, తండా చివర బడి.
ఒక గది, ఒక వరండా, ఇరవై రెండు మంది.
అయిదు తరగతులు ఒక చాప మీద మొదలై
రెండో చాప మీద అయిపోతయ్.

రిజిస్టరుల గీతలున్నయ్ గానీ
గదిల గీతల్లేవు.
ఐదోళ్లకు "ఎస్టర్‌డే" చెప్తుంటే
ఒకటోళ్లు పలక మీద ఉమ్మి పెట్టి తుడుచుకుంట
చెవి మాత్రం ఇటే పారేస్తరు.
నాకు ఎరుకే. నేనూ అట్లనే నేర్చిన,
అక్క వల్లె వేస్తుంటే గోడకానుకొని
చింతగింజలు అరగదీసుకుంట.

వీళ్లకు ఇంట్ల గోర్‌బోలి,
గేటుకాడ తెలుగు,
పుస్తకం తెరిస్తే ఇంగ్లీషు.
"పాణి" అని బయల్దేరి, "నీళ్లు"కాడ తడబడి,
"వాటర్" దాక వచ్చేసరికి
గొంతు ఎండిపోతది పాపం.
నా వాటర్ కూడా సక్కగ లేదని
హన్మకొండ ట్రైనింగుల మేడమన్నది.
పెదాలు సున్న చుట్టాలంట.
ఇరవై రెండు జతల పెదాలు సున్న చుట్టి
ఆఖరికి అందరం ఈలలేసినం.

ఫిబ్రవరిల బడి పలచనైతది.
మిరప ఏరుడు.
వచ్చినోళ్లు కూడా కండ్లు నలుపుకోరు,
చేతులు ఎవరివో అన్నట్టు
దూరంగ పెట్టుకొని కూసుంటరు.
ఆ రోజు బోర్డు మీద "చిల్లీ" రాసిన.
రెడ్ చిల్లీ, గ్రీన్ చిల్లీ, రేకులదిరేటట్టు అరిచిన్రు.
ఐదో తరగతి లాల్‌సింగ్ చెయ్యి లేపిండు:
"టీచర్, తాలుకాయను ఏమంటరు?"

తాలు.
ఎర్రగ ఉండాల్సింది తెల్లబారి
తూకంల ఉండి లెక్కల లేనిది.
ఏనుమాముల మార్కెట్ల ఖరీదుదారు
బస్తాల చెయ్యి పెట్టి
గుప్పెడు తీసి ఒక్క మాటంటడు.
ఆ మాటకు ఇంటిల్లిపాది కష్టం సగమైతది.
డిక్షనరీ తిరగేసిన.
సిగ్నల్ కోసం బోరింగు దాక పోయొచ్చిన.
"రేపు చెప్త" అన్న, రాని మాటలన్నిటికీ
నా దగ్గరున్న ఒకే ఒక్క అనువాదం.

చాప మీద బోర్లా పడుకొని
ఒకటో తరగతి ఝాన్సి
గోడమీది మొహాల చార్టు చూస్తున్నది.
నవ్వే మొహం హ్యాపీ, మూతి వంచింది సాడ్.
లేవకుండనే అన్నది:
"సాడ్ చిల్లీ."

గది కొంచెంసేపు చప్పుడు చెయ్యలే.
మూడో తరగతి యమున సరేనన్నది.
నాలుగోళ్లిద్దరు చేతులెత్తిన్రు.
లాల్‌సింగ్ అనుమానంగనే నోట్స్‌ల ఎక్కించుకున్నడు.
ఝాన్సికి స్పెల్లింగ్ రాదు,
పలక మీద వాడే రాసిచ్చిండు.
బాకీ తీర్చినట్టు.

తనిఖీకొచ్చిన సారు ఆ పేజీకాడ ఆగి
ఎర్ర పెన్నుతోని సున్న చుట్టిండు.
తాలు సంగతి మొదలుపెడ్తే
ఆయన చాయ చల్లారుతది.
ఊకున్న.

సోమవారం లాల్‌సింగ్ రాలే. మంగళవారమూ రాలే.
బుధవారం వచ్చి, తన వరుస వదిలేసి
ఒకటోళ్ల చాప మీద ఝాన్సి పక్కన కూసున్నడు.
"నాయినతోని మార్కెట్‌కు పోయినవంట గదా"
తెలుగులనే అడిగిన.
వాడు తెలుగుల చెప్పలే,
ఇంటి భాషల చెప్పలే.
బోర్డు దిక్కు చూసుకుంట
"ఆల్ సాడ్, టీచర్" అన్నడు.

క్రియ లేదని చెప్పాలె నేను.
చాక్‌పీసు తీసుకొని
బోర్డు మీద తారీఖు రాసిన.