ఊక చల్లిన మైదానం

నోటీసులో ఎనిమిదింటికి అని ఉంటే
పదకొండుకి కొబ్బరికాయ కొడతారని
ఇరవై రెండేళ్ళ డ్రిల్లు టీచరు కొలువు నాకు నేర్పింది.
అందుకే మార్టేరు సెంటరులో ఆటోలు ఆపించి
తీరిగ్గా టీ తాగాను.

పెనుగొండలో కాలేజీ గ్రౌండు గేటు దగ్గర
నూకరత్నం గారు గడియారం చూపించలేదు.
"మీ ఆట రెండో గ్రౌండులోనండీ, తొమ్మిదీ పావుకి.
పిల్లలు ఏవైనా తిన్నారా?" అన్నారు, అంతే.
తాగిన టీ గొంతులో అడ్డం తిరిగింది.

ఏం చెయ్యను, నేను చూసిన టోర్నమెంట్లు వేరు.
దండ వేయించుకోవలసిన పెద్దమనిషి కోసం
పిల్లల్ని మిట్టెండలో వరస కట్టించి
ఆయన వచ్చి వెళ్ళాక
ఏడు ఇన్నింగ్సుల ఆటని మూడుకి కోసేసిన ఊరు ఒకటి.
సాంబారు మూడింటికీ, అన్నం నాలుగింటికీ వచ్చిన ఊరు ఇంకొకటి.
గెలిచినవాళ్ళు పదహారుమందైతే పతకాలు పన్నెండు,
ఫోటో కోసం ఒక మెడలోంచి ఇంకో మెడలోకి
ఆ నాలుగూ ఎలా తిరిగాయో.
రాత్రి బెంచీలు పక్కకి లాగి పడుకుంటే
దోమలాడాయి ఫైనల్సు.

ఇక్కడ
ఆడపిల్లల బాత్రూముకి గడియ పడుతోంది.
పక్కన నిండు బకెట్టు.
కిటికీ మీద అట్టపెట్టె, దాని మీద స్కెచ్ పెన్నుతో:
"కావలసినవాళ్ళు తీసుకోండి. ఎవర్నీ అడగక్కర్లేదు."
మా కరుణామేరి వెళ్ళి, వచ్చి, గ్లవ్ తొడుక్కుని
థర్డ్ బేస్ దగ్గర నిలబడింది, ఏమీ కానట్టు.

ఎప్పుడో, ఎక్కడో
ఒక పిల్ల అవుట్‌ఫీల్డులో గడ్డి మీద కూర్చుండిపోతే
"కడుపునొప్పండీ" అని అంపైరుకి అబద్ధం చెప్పాను.
ఆ పిల్ల మళ్ళీ బ్యాటు పట్టలేదు.

రెండోరోజు తెల్లారగట్ట కుండపోత.
మా డెల్టా నల్లమట్టి సంగతి తెలుసుగా,
చెప్పు పట్టిందంటే కాలుకి తిరిగివ్వదు.
ఇక సర్దుకోండే అన్నాను పిల్లలతో.
కిటికీలోంచి చూద్దును కదా,
ట్రాక్టరు వెనక తలుపు జారి
మిల్లు ఊక బొలబొలా రాలుతోంది పిచ్ మీద,
వాచ్‌మన్ మావుళ్ళు గోనెలతో నీళ్ళద్ది పిండుతున్నాడు,
తరవాత తాడు లాగి, అరవై అడుగులు కొలిచి,
ముగ్గుపిండితో గీత మళ్ళీ మొదటినుంచి.
వాళ్ళావిడ వేసే ముగ్గుకైనా
అంత ఒద్దిక ఉండదేమో.

సెమీఫైనలు మాకూ వాళ్ళ స్కూలుకీ.
ఆఖరి ఇన్నింగ్సు, స్కోరు సమానం.
లోవదుర్గ హోం ప్లేటు మీదికి జారింది
ఊకా బురదా ఎగజిమ్ముతూ.
సేఫ్!
మూడు మండలాల అవతలనుంచి పిలిపించిన అంపైరు.
వాళ్ళ క్యాచరు మాస్కు నేలకి కొట్టి ఏడ్చింది.
జనం నూకరత్నం గారి వైపు తిరిగారు.
ఆవిడ ఫోనులో ఉన్నారు:
"పెరుగన్నం ఇంకో ఇరవై ప్లేట్లు. ఓడినవాళ్ళకి ముందు పెట్టండి."

ఫైనల్లో మేం ఓడిపోయాం.
పెరుగన్నం మాకూ ముందే వచ్చింది.
వెండిరంగు పతకాలు పదహారుకి పదహారు.

వెళ్ళొస్తానంటూ అడిగేశాను, ఎలా చేశారండీ ఇదంతా అని.
ఆవిడ పొడుగాటి పద్దుపుస్తకం నా చేతిలో పెట్టి
కుర్చీలు లెక్కపెట్టడానికి వెళ్ళిపోయారు.
మేకులు, తాడు, నిమ్మకాయలు,
ఎముకల డాక్టరు నంబరు,
పెట్టెలోకి పాకెట్లు (కొట్టువాడు నల్లకవరు ఇస్తానన్నాడు, వద్దన్నాను),
వాన పడితే ఊక: ట్రాక్టరు, మిల్లులో చెప్పాను.
పక్కన తేదీ. మూడు నెలల కిందటిది.

తిరుగు ఆటోలో పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్ర.
మేజోళ్ళ నిండా ఊక.
వచ్చే ఏడు మా పెనుమంట్ర వంతు అని
మైకులో చెప్పేశారు, నన్ను అడక్కుండానే.
మా గ్రౌండులో సెకండ్ బేస్ ఉండాల్సిన చోట
పేర్రాజు గారి గేదెలు కట్టేసి ఉంటాయి.
రేపు పొద్దున్నే వెళ్ళాలి,
పాలు పితికే వేళకి,
ఆయన కాస్త మెత్తగా ఉంటాడు అప్పుడైతే.